నర్సమ్మ ఒప్పుకోని నీళ్ళు

నర్సమ్మ పోయిందని చెప్పగానే మా ఆఫీసులో ప్రతివాళ్ళూ ఒకటే మాట అడిగారు. "కిడ్నీయేనా?"

కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం వైపు మనిషి పోతే విశాఖపట్నంలో అడిగే మొదటి ప్రశ్న అదే. కొబ్బరిచెట్టు మీంచి పడి పోయినా అడుగుతారు. ఆమె ఉండి వింటే ఊరుకునేది కాదు. "ఎవులు సూసినారు? రాసిచ్చిన డాక్టరెవులు?" అని నిలదీసేది. కిడ్నీ కాదు, గుండె. మధ్యాహ్నం అన్నం తిని పడుకుంది. చెల్లెలు టీ పెట్టి లేపితే లేవలేదు. ఆ చెల్లెలే నాకు ఫోను చేసింది. విషయం చెప్పి, కాసేపు ఏడ్చి, "మీతోటి ఇంకా ఏదో తగువున్నాదట గదా బాబూ. అది తేల్చకుండానే ఎల్లిపోనాది" అంది.

తగువు ఉన్న మాట నిజమే. నేను వాళ్ళ ఊరికి పనిమీద వెళ్ళడం మొదలుపెట్టిన రోజునుంచీ ఆమెతో తగువే.

ఆమె పేరు రాయను. ఊళ్లో కూడా ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు, నర్సు కాబట్టి నర్సమ్మ అనేవారు. ప్రభుత్వ నర్సుగా మందస, కవిటి పల్లెల్లో తిరిగి తిరిగి, రిటైరయ్యాక సొంత ఊరు చేరి చెల్లెలితో ఉండేది. చేతి గడియారాన్ని ముఖం మణికట్టు లోపలి వైపుకి వచ్చేలా పెట్టుకునేది. ఎండయినా వానయినా నల్ల గొడుగు. ఆదివారం బాప్టిస్టు చర్చిలో ముందు బల్ల మీద కూర్చుని పాస్టరుగారి ప్రసంగం ఎంతసేపు సాగిందో ఆ గడియారంలో చూసి, బయటికొచ్చాక ఆయనకే చెప్పేది. కథల్లో నేను చదివిన గయ్యాళి ముసలమ్మలు చివరికి మెత్తని మనసున్నవాళ్ళుగా తేలతారు. ఈమె అలా తేలలేదు. చివరిసారి కలిసినప్పుడు కూడా నన్ను తిట్టే పంపింది.

పని ఏమిటో చెప్పాలి, లేకపోతే ఆమె పెట్టిన విసుగు అర్థం కాదు.

పలాస నుంచి మందస వెళ్ళే దారిలో సముద్రం వైపుకి చీలిన ఒక రోడ్డు మీద ఒకప్పుడు ఎరువుల ఫ్యాక్టరీ ఉండేది. నేను కాలేజీలో ఉండగానే మూతపడింది. తుప్పుపట్టిన షెడ్డు, బూడిదరంగు పొడి గుట్ట, నీళ్ళు ఇంకకుండా అడుగున ఏ పొరా వెయ్యకుండా తవ్వి మురుగు వదిలిన ఒక గుంట మిగిలాయి. ఆ నేలంతా ఇసుక. ఇసుక కింద ఎంతో లోతు లేకుండానే నీళ్ళు. ఆ నీళ్ళు లోపల్లోపల సముద్రం వైపు నెమ్మదిగా జరుగుతుంటాయి. వాటి దారిలో ఒక వీధి, ఆ వీధికి ఒక బావి. నర్సమ్మ ఇల్లు ఆ వీధిలోదే.

ఆ జాగాను శుభ్రం చేసే పని మా కంపెనీకి వచ్చింది. శుభ్రం అంటే మొత్తం తీసెయ్యడమనుకుంటారు జనం. అలా ఎక్కడా జరగదు. మట్టిలో ఎంత మిగలొచ్చు, నీళ్ళలో ఎంత మిగలొచ్చు అని ముందు ఒక అంకె వేసుకోవాలి. వాటిని శుద్ధి లక్ష్యాలంటాం. రేపు ఆ జాగాలో ఎవరు ఉంటారు, ఏం చేస్తారు అన్నదాన్ని బట్టి ఆ అంకె మారుతుంది. గోడౌను వస్తే ఒకటి, ఇళ్ళు వచ్చి పిల్లలు మట్టిలో ఆడితే ఇంకొకటి. కింది నీళ్ళు తాగితే కఠినమైన అంకె, చెట్లకి పోసుకుంటే సడలించిన అంకె. ఎంత లోతు తవ్వాలి, ఎన్నేళ్ళు నీళ్ళు తోడి శుద్ధి చెయ్యాలి, అన్నీ దాన్ని పట్టుకునే ఉంటాయి. ఆ అంకెల పట్టిక తయారుచేసే ఉద్యోగం నాది.

మొదటి సమావేశం ఊరి బళ్ళో పెట్టాం. హైదరాబాదు నుంచి వచ్చిన మా నిపుణుడు గోడ మీద బొమ్మలు వేసి చక్కగా చెప్పాడు. ఆయన నెమ్మదైన మనిషి, చదువుకున్నవాడు. చెప్పడం పూర్తయి టీలు వస్తుండగా వెనక బెంచీలోంచి గొంతు వినిపించింది.

"బాబూ, ఇందాకట్నుంచీ సుబ్బరం, సుబ్బరం అంటన్నారు. ఎవులికి సుబ్బరం?"

"అందరికీనమ్మా" అన్నాడు నిపుణుడు.

"అందరికీ ఒకటే మందు ఇత్తారేటి? పెద్దోలికో డోసు, పసిగుంటలికో డోసు. కడుపుతో ఉన్న మనిసికి ఇంకోటి. మీ అంకె ఎవుల్ని సూసి ఏసినారు?"

ప్రశ్న సరైనదే. మా పద్ధతిలో మొదటి ప్రశ్నే అది. నిపుణుడు సంతోషపడి మళ్ళీ మొదటి బొమ్మ నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. టీలు చల్లారిపోయాయి. ఆయన చేసిన పొరపాటు ఏమిటంటే, ఒక జవాబుతో ఆమె తృప్తిపడుతుందనుకోవడం.

ఆ తరవాత జరిగిన ప్రతి సమావేశంలోనూ ఆమె "ఎవులికి?" అంటూనే ఉంది. కంచె వేస్తామంటే "ఎవులికి? లోపలోలికా, బయటోలికా?" అంది. నీళ్ళ లోతు చూడ్డానికి గొట్టాలు దింపుతామంటే ఎవరికి పనికొస్తుందని అడిగింది. విసుగేసినప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళ చెయ్యి, అడక్కుండానే, పట్టుకుని నాడి చూసేది. గడియారం వైపు చూస్తూ పెదాలు కదిపేది. ఒకసారి జిల్లా నుంచి వచ్చిన అధికారి చెయ్యే పట్టుకుంది. ఆయన మాట్లాడుతున్నవాడు ఆగిపోయి, పరీక్ష ఫలితం వినేదాకా మళ్ళీ మొదలుపెట్టలేదు.

ఆమె చెప్పినవన్నీ నిజమయ్యాయని ఎవరైనా అనుకుంటే పొరపాటు. చాలావరకు తప్పే. ఫ్యాక్టరీ ఉత్తరపు మూల వాన పడితే ఘాటుగా వాసన వేస్తుందనీ, విషమంతా అక్కడే ఉందనీ పట్టుబట్టింది. అక్కడ ఉండదని మేం లెక్క చూపించాం. వినలేదు. ఊరంతా ఆమె వెనక నిలబడింది. వెళ్ళిపోయిన డ్రిల్లింగు బండిని మళ్ళీ రప్పించాం. ఇసుకలో అది కూరుకుపోయింది. తీసేసరికి వానలు వచ్చాయి. ఆ సీజను పోయింది. తీరా చూస్తే ఆ మూల మట్టి మిగతా జాగా అంతటికన్నా శుభ్రంగా ఉంది. రిపోర్టు పట్టుకెళ్ళి చూపించాను.

"మీ గొట్టం సరిగ్గా దిగనేదు" అంది.

"దిగింది నర్సమ్మగారూ."

"దిగితే దొరికును."

ఇంక ఆ సంగతి ఎత్తలేదు. నేను ఎత్తితే చర్చి పైకప్పు గురించి మాట్లాడింది.

ఊరివాళ్ళతోనూ అంతే. సర్పంచి తమ్ముడు ఒకతను ఉండేవాడు. చురుకైన మనిషి. ఫ్యాక్టరీ జాగా శుభ్రమైతే అక్కడ జీడిపప్పు షెడ్డు తెప్పించాలని, ఊళ్ళో ఆడవాళ్ళు తెల్లారకముందే ఆటోలెక్కి జీడిపప్పు పనికి పలాస పోవడం తప్పించాలని అతని పట్టుదల. అది మంచి కోరికే. పని త్వరగా జరగాలని ఒక అర్జీ రాయించాడు. అందులో ఊరి కిడ్నీ జబ్బులకి ఫ్యాక్టరీయే కారణమని ఉంది. అందరూ సంతకాలు పెట్టారు. నర్సమ్మ పెట్టలేదు.

"ఎందుకెట్టవు పిన్నీ? మీ పెదనాన్న కొడుకు డయాలసిస్‌కి ఎల్తన్నాడు గదా!"

"ఎల్తన్నాడు. కవిటోలూ ఎల్తన్నారు. ఆలికి ఏ ఫ్యాక్టరీ ఉన్నాది? దేనివల్లో పెద్ద పెద్ద డాక్టర్లకే తెలవనేదు, నీకెలగ తెలిసిపోనాది?"

"రాత్తే బేగి పనవుద్ది, అంతే."

"రేపు కాదని తేలితే మిగతాదీ అబద్దమే అనేత్తారు. అప్పుడేటి సేత్తావు? నైట్రేటు ఎక్కువున్నాది, ఫ్లోరైడు ఎక్కువున్నాది. అది పరీక్ష కాయితం మీదున్నాది. అంతవరకే రాయి."

ఆ వాక్యం కొట్టించేదాకా వదల్లేదు. అర్జీలోని పస అంతా పోయిందని అతను నా దగ్గర వాపోయాడు. ఆమెను భరించడం ఎలాగని మేమిద్దరం పలాస బస్టాండులో టీ తాగుతూ మాట్లాడుకున్న సందర్భాలు ఉన్నాయి.

చివరికి నిపుణుడికి ఒక ఉపాయం తట్టింది. ఇంటింటి సర్వే ఎలాగూ చెయ్యాలి. ఎవరు ఏ నీళ్ళు దేనికి వాడుతున్నారో తెలియాలి. అది ఆమెకే అప్పగిస్తే సరి. తను చేసిన సర్వేని తను తప్పుపట్టదు కదా అన్నాడు. నాకూ బాగుందనిపించింది.

ఆమె చాలా శ్రద్ధగా చేసింది. పల్లెల్లో పోలియో చుక్కలకి తిరిగినట్టు గొడుగు వేసుకుని ప్రతి గుమ్మం ఎక్కింది. మేమిచ్చిన కాగితంలో తాగడానికి ఏ నీళ్ళు అని ఒక గడి. బావి నీళ్ళు దేనికి అని ఇంకో గడి, స్నానానికి, గిన్నెలకి, పశువులకి, మొక్కలకి అని వరసగా. తాగడానికి బావి నీళ్ళు వాడుతున్నామని ఒక్క ఇల్లూ చెప్పలేదు. కుళాయి ఉంది, లేకపోతే మంచినీళ్ళ ప్లాంటు నుంచి డబ్బా. తన ఇంటి కాగితం కూడా అలాగే నింపింది.

నిపుణుడు ఆ కాగితాలు చూసి నాతో, "అయిపోయిందండీ" అన్నాడు. నీళ్ళు ఎవరూ తాగడం లేదు కాబట్టి తాగునీటి అంకె అక్కర్లేదు. కింది నీళ్ళు తాగేవి కానప్పుడు పైన మట్టిని అంత లోతు తవ్వనూ అక్కర్లేదు. మిగిలినదాని మీద మంచి మట్టి కప్పి, గోడౌను నేల పొయ్యొచ్చు. షెడ్డు మరుసటి ఏడే రావచ్చు. టెక్కలి సర్కారు ఆఫీసులో జరిగిన సమావేశంలో ఈ మాట చెప్పినప్పుడు సర్పంచి తమ్ముడు చప్పట్లు కొట్టాడు. నర్సమ్మ తన నాడి తనే చూసుకుంటూ కూర్చుంది. సర్వే ఎవరు చేశారని అధికారి అడిగితే లేచి నిలబడి, "నానే" అని కూర్చుంది. నాకు ఆ రోజు హాయిగా ఉంది.

తరవాత వేసవిలో ఒక రోజు నీటిమట్టం కొలవడానికి వెళ్ళాను. మా గొట్టాల్లో ఒకటి వాళ్ళ పెరటి వెనక ఉంది. కొలిచి ఇవతలికి వచ్చేసరికి ఎండ దంచేస్తోంది. "ఓరి బాబో, మొగమంతా కందిపోనాది. కూకో" అని అరుగు మీద కూర్చోబెట్టి, పెద్ద గ్లాసుతో తరవాణి తెచ్చి ఇచ్చింది. ఉప్పు వేసి, పచ్చిమిరపకాయ చిదిమి. అన్నం వార్చిన గంజి కుండలో పోసి పులియబెట్టే ఆ పులి గంజి మా టెక్కలి ఇంట్లో నా చిన్నప్పుడు ఉండేది. మా నాయనమ్మతో పోయింది. గ్లాసు ఖాళీ చేసి ఇంకో గ్లాసు అడిగాను.

ఆమె కుండలోంచి ముంచి ఇచ్చి, తగ్గిన మేరకి ఆ పూట గంజి కలిపి, మూలనున్న బిందె ఎత్తి కుండలో నీళ్ళు పోస్తోంది.

"ఏ నీళ్ళవి?" అన్నాను. ఊరికే అడిగాను.

"బావియే. కుళాయి నీళ్ళకి పులవదు. మందు కలుపుతారు గదా. ప్లాంటు నీళ్ళకయితే సప్పగా సచ్చిపోద్ది. వీదిలో ఎవులయినా బావి నీళ్ళే పోత్తారు."

"మరి బావి నీళ్ళు తాగడం లేదని రాశారు?"

"తాగట్లేదు గదా."

"ఇప్పుడు నేను తాగిందేమిటి?"

"అది కూడు బాబూ. నీళ్ళెందుకవుద్ది?"

అని, బిందె అలాగే ఎత్తి పట్టుకుని ఆగిపోయింది. నీళ్ళు కుండ నిండి పొర్లుతున్నాయి. చెల్లెలు "అక్కా, అక్కా" అని కేకేసింది. బిందె దించి గోడకి ఆనుకుని కూర్చుంది. ఆ వీధిలో ఎవరిని అడిగినా అదే జవాబు చెప్పేవారు. పొద్దున్నే తరవాణి అన్నం తిని పనికి పోతారు. కూలికి వెళ్ళేవాళ్ళు డబ్బాలో పోసుకుని పట్టుకెళ్తారు. పసిపిల్లలకి అన్నం మెదిపి అందులోనే కలిపి పెడతారు. రోజంతా ఒంట్లోకి వెళ్తున్నది అదే. కానీ నీళ్ళేం తాగుతావని అడిగితే తరవాణి ఎవరికీ గుర్తురాదు. అది భోజనం లెక్కలోది. నర్సుగా ఊళ్ళు తిరిగిన మనిషికీ గుర్తురాలేదు. టెక్కలిలో పుట్టి, ప్రశ్నలు తెలుగులోకి రాసిన నాకూ గుర్తురాలేదు.

తేరుకోగానే ఆమె చేసిన మొదటి పని నన్ను తిట్టడం. "మీ కాయితంలో కూటి గడి ఏది? తానాలకెట్టినావు, గేదెలకెట్టినావు, మొక్కలకెట్టినావు. మనుసులు తినీది అడగాలని బుద్దుండదేటి?"

"మీరూ ఈ వీధిలోనే ఉంటున్నారు కదండీ. చెప్పొచ్చు కదా."

"నాను రాసింది నాను అగోరిత్తాను. నువ్వు రాసింది నువ్వు అగోరించు."

మళ్ళీ ఇంటింటికీ తిరిగింది. ఈసారి మా కాగితం లేదు. చేతిలో తన చెంబు. కుండలో ఏ నీళ్ళు పోస్తారు, మనిషికి చెంబుతో ఎంత పోస్తారు అని అడగడం, కొలవడం. జనానికి నవ్వులాట అయింది. షెడ్డు మీద ఆశపెట్టుకున్నవాళ్ళకి నవ్వు రాలేదు.

టెక్కలి సమావేశంలో లేచి, గొంతు తగ్గించకుండా, "నా సర్వే తప్పు. రాసింది నానే, తప్పూ నాదే. కొట్టీయండి" అంది.

సర్పంచి తమ్ముడికి ఒళ్ళు మండింది. "పిన్నీ, మా తాతకి సూది గూడా ఇలగే తప్పు సెయ్యికి పొడిసీసినావేటి?"

"మీ తాతకి సెయ్యికి పొడవనేదురా. ఎక్కడ పొడిసినానో ఇంటికెల్లి మీ మామ్మనడుగు."

హాలంతా నవ్వారు. అతనూ నవ్వాడు, కోపంతోనే. అధికారి బల్ల కొట్టాల్సి వచ్చింది.

నిపుణుడు ఓపికగా, "అమ్మా, అది పులిసిన పదార్థం. పులిసేటప్పుడు నైట్రేటు తగ్గిపోవచ్చు" అన్నాడు.

"పోవచ్చా? పోద్దా?"

"పరీక్ష చెయ్యాలి."

"సేసినారా?"

"లేదు."

"మరి తెలవనప్పుడు ఉన్నాదనుకుని సూత్తారా, నేదనుకుని వొదిలెత్తారా?"

ఆయన నావైపు చూశాడు. సాయం చేస్తాననుకున్నాడు. నైట్రేటు సంగతి ఏమైనా ఫ్లోరైడు పులిస్తే పోదని నేను చెప్పాల్సి వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఆయన వేరే కారెక్కాడు.

అలా ఆ వీధి కింది నీళ్ళకి తాగునీటి లక్ష్యం ఖాయమైంది. మట్టి లోతుగా తవ్వాలి. నీళ్ళు ఏళ్ళతరబడి తోడి శుద్ధి చెయ్యాలి. షెడ్డు పెడతామన్నవాళ్ళు ఎదురుచూడలేక టెక్కలి దగ్గర హైవే పక్కన స్థలం చూసుకున్నారు. "నర్సమ్మ గంజికుండ మా షెడ్డు మింగీసింది" అని సర్పంచి తమ్ముడు ఊరంతా చెప్పాడు. ఆమెతో మాట మానేశాడు. పలాస ఆటోల కోసం తెల్లారకముందే నిలబడే ఆడవాళ్ళలో కొందరు ఆమె ఎదురైతే తల తిప్పుకునేవారు. ఆమెకు బాధగా ఉండేదో లేదో నాకు తెలియదు. అడిగితే చర్చి పైకప్పు గురించే చెప్పేది.

నా కష్టం అక్కడితో అయిపోలేదు. తాగే నీళ్ళని ఒప్పుకున్నాక, ఆ నీళ్ళు బాగాలేవని తెలిసి బావి తెరిచి ఉంచడం ఎలా? శుద్ధి పూర్తయ్యేదాకా బావికి మూత వెయ్యాలన్నాడు అధికారి. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆ ఉత్తర్వుకి ముసాయిదా నేనే రాశాను. సిమెంటు పలకతో మూత వేయించాం. మా మేస్త్రీ అంచులు పూస్తుండగా గొడుగు దూరం నుంచే కనబడింది.

"ఇదేటిది?"

"మూతండీ. మీకు చెప్పాం కదా, శుద్ధి అయ్యేదాకా."

"నీళ్ళు బాగుసెయ్యమన్నాను. బావి కప్పెట్టమన్నానా?"

"కప్పెట్టలేదు. మూత వేశాం. నీళ్ళు బాగవ్వగానే తీస్తాం."

"ఎప్పుడు?"

"ఏళ్ళు పడుతుంది. మీకు తెలుసు."

"నా కుండలో ఏటి పొయ్యమంటావు అందాకా?"

నాకు ఓపిక అయిపోయింది. ఇసుకలో, ఎండలో, కూలీల ముందు అరిచాను. మీరడిగిన అంకే పెట్టాం, మీ కోసం హైదరాబాదువాళ్ళతో మాట పడ్డాను, ఊరు షెడ్డు పోగొట్టుకుంది, ఇంకేం కావాలి మీకు, నీళ్ళు చెడ్డవంటారు, ముయ్యొద్దంటారు, రెండింట్లో ఏదో ఒకటి చెప్పండి అన్నాను. ఆమె అంతా వింది. తరవాత గొడుగు చంకలో పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది. మణికట్టు తిప్పి గడియారం చూస్తూ పెదాలు కదిపింది.

"పరుగెడతంది. నీడకి రా" అంది. జీడిచెట్టు కింద నన్ను కూర్చోబెట్టి, నేను కూర్చున్నాక, మళ్ళీ మొదటినుంచీ తిట్టింది.

ఆ తరవాత ఆమెకు కొత్త పని దొరికింది. కుళాయి నీళ్ళు వెడల్పు బేసిన్లో పట్టి ఎండలో పెట్టడం, మందు వాసన పోయిందో లేదో చూడటం, వాటితో కుండ పెట్టడం. నేను వెళ్ళినప్పుడల్లా ఒక గ్లాసు చేతికిచ్చి ఎదురుగా నిలబడేది.

"ఎలగున్నాది?"

"బాగుంది."

"అబద్దం. గచ్చు కడిగిన నీళ్ళలాగున్నాది. మూతెప్పుడు తీత్తావు?"

వీధిలో మిగతావాళ్ళు అంత పట్టుదలగా లేరు. ఒక్కో ఇంట్లో కుండ మూలపడింది. పిల్లలకి పొద్దుట బిస్కెట్లు, పెద్దవాళ్ళకి టీ. ఆమె ఒక్కతే బేసిన్లు ఎండలో పెట్టుకుంటూ కూర్చుంది. చివరిసారి వెళ్ళినప్పుడు నీటి పరీక్షలో కొంచెం మెరుగు కనబడిందని చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. "కొంచెం మెరుగయితే పేసెంటుని ఇంటికి పంపీత్తారేటి? అది సెప్పడానికి ఇసాపట్నం నుంచి రావాలా?" అంది.

సమాధి చేసిన రోజు నేను వెళ్ళాను. పాస్టరుగారు క్లుప్తంగా ముగించారు. పెట్టె మోసినవాళ్ళలో సర్పంచి తమ్ముడు ఉన్నాడు.

మూడు వారాలు తిరక్కుండానే టెక్కలిలో లక్ష్యాల మీద మళ్ళీ సమావేశం పెట్టారు. నిపుణుడు కొత్త ప్రతిపాదన తెచ్చాడు. బావికి మూత ఉంది. కాబట్టి ఆ నీళ్ళు ఎవరి నోట్లోకీ వెళ్ళడం లేదు. తరవాణి అలవాటు కూడా వీధిలో దాదాపు పోయింది. చివరి కుండ ఎవరిదో అందరికీ తెలుసు, ఆమె లేదు. కాబట్టి తాగునీటి అంకె తీసేసి పాత సడలించిన అంకె పెట్టుకోవచ్చు. తవ్వకం సగంతో ఆగుతుంది, జాగా బయటికొస్తుంది. జీడిపప్పువాళ్ళు రెండో షెడ్డు కోసం చూస్తున్నారట కూడా. ఆయన లెక్కలు ముందురోజు నేనే సరిచూశాను. అంకెల్లో ఎక్కడా తప్పు లేదు.

అధికారి గ్రామం తరఫున ఎవరైనా మాట్లాడతారా అని అడిగాడు. మాట్లాడతారని ఆయన అనుకోలేదు. కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుంటున్నాడు.

సర్పంచి తమ్ముడు లేచాడు. "సార్, మూతేసిందెవులు?"

"మేమే."

"తాగట్లేదని రాసుకున్నదెవులు?"

నిపుణుడు నవ్వి, "మీకు షెడ్డు కావాలి కదండీ?" అన్నాడు.

"కావాల. ఎందుకొద్దు? ఆవిడి మీద నాకు ఇప్పటికీ కోపమే. పోనాదని మంచిది అయిపోద్దేటి? కానీ సార్, సెయ్యి కట్టీసి, ఈడు అన్నం తినట్లేదు, ఈడికి అన్నం అక్కర్లేదని రాసీత్తే ఎలగ? మా అమ్మ కుండ పగలగొట్టనేదు. కడిగి బోర్లించి ఉంచింది. ఎందుకమ్మా అంటే, బావి తీత్తారు గదా అంటన్నాది. ఆవిడికేటి సెప్పమంటారు?"

అధికారి కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. పట్టిక చూసేది మీరే కదా అని నాతో అన్నాడు. మార్చాలంటే మార్చడానికి, ఉంచాలంటే ఉంచడానికి, కారణం రాసి సాయంత్రంలోగా ఇమ్మన్నాడు.

ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చున్నాను. ఆ పట్టికలో ప్రతి అంకె పక్కనా కారణం రాసే చోటు ఉంటుంది. మామూలుగా అక్కడ ఏ నిబంధన ప్రకారమో రాస్తాం. మూత వేసిన బావి గురించి నాకు తెలిసిన నిబంధన నిపుణుడి పక్షానే ఉంది. ఇంకోటి ఉందేమోనని వెతికాను. దొరకలేదు. ఎవరి మీదో తెలియని చిరాకుతో తాగునీటి అంకెను అలాగే ఉంచి, పక్కన ఇలా రాసి సంతకం పెట్టాను:

"మూత తీసిన రోజున ఈ వీధివాళ్ళు ఈ నీళ్ళు కుండలో పోసుకుంటారు."